ఏకవింశతి పత్రాలు, దివిసీమ మడచెట్టు: బాలలకు వృక్షవిద్య



భాద్రపద శుద్ధ చవితి నాటి తెల్లవారుజామున కృష్ణా డెల్టా గ్రామాలలో పిల్లలు పత్రికి బయలుదేరే ఆచారం మన పెద్దలకు సుపరిచితం. చేతిలో ఒక చిన్న బుట్ట, ముందు దారి చూపే అన్నయ్య, ఏ ఆకు కోయాలో ఏది ముట్టరాదో వీధి గుమ్మం నుండే చెప్పి పంపే నాయనమ్మ. ఆనాటి తరగతి గది అదే. నేడు గుడివాడలోనూ మచిలీపట్నంలోనూ ఆ పత్రి బజారులో కట్టగా లభిస్తున్నది. కట్టలో ఏమున్నదో కొన్నవారికి తెలియదు. అమ్మినవారికీ తరచుగా తెలియదు. పూజ యథావిధిగా జరుగుతున్నది. పూజతోపాటు పూర్వం జరిగిన విద్యాభ్యాసం మాత్రం ఆగిపోయినది.

చిన్నపిల్లలకు వృక్షసంరక్షణను, జీవవైవిధ్యాన్ని బోధించాలని నేడు పాఠశాలలూ ప్రభుత్వాలూ చెబుతున్నాయి. అది మనకు కొత్త విషయం కాదని ఆస్తికులమైన మనం గర్వంగా అంటూ ఉంటాము. ఆ గర్వంలో ఎంత సత్యమున్నదో, ఎక్కడ లోపమున్నదో మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల చరిత్రను ఆధారం చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మన సంప్రదాయం పిల్లలకు చెట్టును పరిచయం చేసిన తీరు నిస్సందేహంగా ఉత్తమమైనది. అయితే ఆ పరిచయపు జాబితాలో ఈ సీమకు అత్యవసరమైన ఒక వృక్షజాతి చేరలేదు. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదువుకుంటేనే మన కర్తవ్యం తేటపడుతుంది.

ఉపనిషత్తులోని వటబీజం

వృక్షాన్ని ఎదుట ఉంచుకొని బోధించే పద్ధతికి మన వాఙ్మయంలో అతి ప్రాచీనమైన నిదర్శనం ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో కనిపిస్తుంది. ఉద్దాలక మహర్షి తన కుమారుడైన శ్వేతకేతువును ఒక మర్రిపండు తెమ్మంటాడు. దానిని చీల్చమంటాడు. లోపలి సూక్ష్మమైన గింజను కూడా చీల్చి ఏమి కనిపిస్తున్నదో చెప్పమంటాడు. ఏమీ కనిపించడం లేదని కుమారుడు అంటాడు. కనిపించని ఆ అణిమ నుండే ఈ మహావృక్షం నిలిచియున్నదని తండ్రి బోధిస్తాడు. మహావాక్యోపదేశమంతటి గంభీరమైన తత్త్వానికి ఆయన ఎన్నుకున్న ఉపకరణం ఒక పండు, ఒక గింజ.

దానికి ముందు ఖండంలోనే మరొక పాఠమున్నది. వృక్షాన్ని మొదట కొట్టినా, నడుమ కొట్టినా, కొన కొట్టినా అది రసాన్ని స్రవిస్తూ జీవించే ఉంటుందని, జీవుడు విడిచిన కొమ్మ ఎండిపోతుందని ఉద్దాలకుడు చెబుతాడు. మహాభారత శాంతిపర్వంలో భృగు భరద్వాజ సంవాదం ఇదే విషయాన్ని విస్తరించి, వృక్షాలకు స్పర్శ, శ్రవణం, దర్శనం వంటి శక్తులున్నాయని ప్రతిపాదించినది. చెట్టు జడపదార్థం కాదనే భావన మనకు తత్త్వశాస్త్రం నుండే సంక్రమించినదని దీనివలన స్పష్టమవుతున్నది.

బౌద్ధ వాఙ్మయంలోని జీవకుని కథ కూడా ఇక్కడ స్మరణీయం. తక్షశిలలో వైద్యవిద్య ముగించుకొనే వేళ, చుట్టూ యోజన దూరంలో ఔషధం కాని మొక్క ఏదైనా ఉంటే తెమ్మని గురువు ఆదేశించగా, అతడు అంతా వెదకి అటువంటిది ఒక్కటీ కనిపించలేదని రిక్తహస్తాలతో తిరిగి వచ్చాడు. పరీక్షలో అతడు ఉత్తీర్ణుడైనది అందువలననే. ఆచార్యుడు శిష్యుని గ్రంథం వద్దకు కాక మొక్క వద్దకు పంపుతాడు, శిష్యుడు వెదకుతాడు, తిరిగి వచ్చి తాను చూసినదానిని చెబుతాడు. ఈ క్రమమే మన వృక్షవిద్యకు మూలసూత్రం.

పత్రిపూజ అనే పాఠ్యక్రమం

ఈ సూత్రం ఐదారేళ్ల పిల్లల స్థాయికి దిగివచ్చిన రూపమే వరసిద్ధి వినాయక వ్రతంలోని ఏకవింశతి పత్రపూజ. మాచీపత్రం మొదలు అర్కపత్రం వరకు ఇరవై ఒక్క పేర్లను వ్రతకల్పం వరుసగా చెబుతుంది. ప్రతి పేరుకూ ఒక ఆకు చేతిలో ఉండాలి. అపామార్గమంటే ఉత్తరేణి, సింధువారమంటే వావిలి, బదరి అంటే రేగు, బృహతి అంటే వాకుడు, అర్కమంటే జిల్లేడు. సంస్కృత నామం, తెలుగు నామం, ఆకు రూపం, దాని వాసన, దాని స్పర్శ ఒకే క్షణంలో బాలుని మనస్సులో ముద్రపడతాయి. చదివి నేర్చుకొనే విద్య కంటె ఇంద్రియాలతో గ్రహించిన ఈ విద్య చిరకాలం నిలుస్తుంది.

ఇందులో మరొక విశేషాన్ని మనం సాధారణంగా గమనించము. ఇరవై ఒక్క పత్రాలు ఒక్క చోట దొరకవు. తులసి, మరువం, జాజి, దానిమ్మ ఇంటి పెరటిలో ఉంటాయి. మారేడు, రావి గుడి ప్రాంగణంలో దొరుకుతాయి. గరిక చేనుగట్టు మీద, ఉత్తరేణి కంచె పక్కన, జిల్లేడూ ఉమ్మెత్తా డొంకలోని బీడునేలలో, వావిలి కాలువగట్టున, రేగూ జమ్మీ మెరకనేలలో కనిపిస్తాయి. మద్ది ఏటి ఒడ్డులను, కొండ అడవులను ఆశ్రయించి పెరిగే చెట్టు. దేవదారు హిమాలయ వాసి. డెల్టాలో పుట్టదు కనుక దాని స్థానంలో మరొక పత్రమో అక్షతలో సమర్పించడం వాడుక. కనుక పూజ పూర్తి కావాలంటే పెరడు, గుడి, గట్టు, డొంక, కాలువ, మెరక అన్నీ సజీవంగా ఉండాలి. వీటిలో ఏది నశించినా జాబితాలో కొన్ని పేర్లకు ఆకు దొరకదు. జీవవైవిధ్యమంటే వివిధ ఆవాసాల సమాహారమని నేటి శాస్త్రం చెప్పే నిర్వచనాన్ని ఆనాటి పిల్లవాడు తన కాళ్లతో నడిచి తెలుసుకున్నాడు.

కాలనిర్ణయం కూడా యాదృచ్ఛికం కాదు. డెల్టాలో సార్వా నాట్లు ముగిసి, వర్షాలకు గట్లన్నీ పచ్చబడి, ఒక్క వర్షఋతువే ఆయువుగా గల చిన్నమొక్కలు నిండుగా ఆకు తొడిగే మాసం భాద్రపదం. ఉత్తరేణి, విష్ణుక్రాంత వంటి వాటిని గుర్తించడానికి ఇంతకంటె అనువైన సమయం లేదు. అదేవిధంగా చైత్రంలో వేపపువ్వు, ఆశ్వయుజంలో జమ్మి, కార్తికంలో ఉసిరిక నీడన వనభోజనం, పుష్యమాసపు గొబ్బెమ్మలపై గుమ్మడిపూలు. సంవత్సరం పొడవునా ఒక్కొక్క పర్వం ఒక్కొక్క వృక్షాన్ని పిల్లల ముందుకు తెస్తుంది.

ఆకు కోయడంలోనూ నియమాలున్నాయి. సూర్యాస్తమయం తరువాత కోయరాదు. ద్వాదశినాడు తులసిని తాకరాదు. కోసే ముందు చెట్టుకు నమస్కరించాలి. కొమ్మ విరవరాదు. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషపూరితాలు కనుక వాటిని కోసిన చేతిని నోటిలో పెట్టుకోరాదని, జిల్లేడు పాలు కంటిని సోకరాదని పెద్దలు హెచ్చరించేవారు. విషవృక్షానికీ స్వామి పాదాల వద్ద స్థానమున్నదని బాలుడు అక్కడ గ్రహించాడు. మనకు ఉపకరించేవి మాత్రమే రక్షణార్హమైనవి కావన్న పాఠం ఇంతకంటె సులభంగా చెప్పడం సాధ్యమా?

ఆముక్తమాల్యద నుండి జాతీయ కళాశాల వరకు

ఈ సీమకు తోటతోనూ శిశువుతోనూ ముడిపడిన ఒక సాహిత్య స్మృతి కూడా ఉన్నది. ఘంటసాల సమీపంలో కృష్ణాతీరాన వెలసిన శ్రీకాకుళ క్షేత్రంలో ఆంధ్రమహావిష్ణువు శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నంలో సాక్షాత్కరించి తెలుగులో కావ్యం రచించమని ఆదేశించినట్లు ఆముక్తమాల్యద అవతారికలో ఉన్నది. ఆ ఆజ్ఞకు ఫలమైన కావ్యానికి నాయిక తులసివనంలో విష్ణుచిత్తునికి లభించిన శిశువు. ఆమెయే గోదాదేవి. పూలమొక్కలను పెంచి మాలలు కట్టి స్వామికి సమర్పించే తండ్రి వద్ద, తోటలోనే పెరిగిన బాలిక ఆమె. ఆమె భక్తికి తొలి పాఠశాల ఆ తోటయే.

సామాన్య గృహాల పిల్లలకు వీధి అరుగు మీది బడి ఉండేది. ఇసుకలో ఓనమాలు, పిదప తాటాకు మీద గంటంతో వ్రాత. అక్షరాభ్యాసానికి కావలసిన ఆకు ఊరి తాటితోపు నుండే వచ్చేది. ఆ బాలునికి తాటిచెట్టు నీడ, ముంజ, తాటాకు ఇల్లు, విసనకర్ర మాత్రమే కాదు, పుస్తకం కూడా.

1843లో రాబర్టు నోబుల్ మచిలీపట్నంలో ఇంగ్లీషు పాఠశాలను స్థాపించిన తరువాత ఈ ప్రాంతంలో విద్యాస్వరూపం క్రమంగా మారినది. దాని వలన కలిగిన మేలును తక్కువ చేయనవసరం లేదు. అయితే ముద్రిత పాఠ్యగ్రంథం ప్రధానమైన కొద్దీ, చేతిపనీ పొలంపనీ చదువు వెలుపలికి నెట్టబడ్డాయి. ఈ లోపాన్ని గుర్తించి, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గారలు 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. విద్యతోపాటు వృత్తికళలూ బోధించడం దాని ఆశయాలలో ఒకటి. జాతీయపతాక రూపకర్తగా మనమెరిగిన పింగళి వెంకయ్య గారు ఆ దశకంలో అక్కడ అధ్యాపకులుగా పనిచేశారు. కంబోడియా పత్తిపై చేసిన పరిశోధనల వలన ఆయనకు పత్తి వెంకయ్య అనే పేరు కూడా వచ్చినది. ఒక మొక్కను సంవత్సరాల తరబడి పరిశీలించిన వ్యక్తి ఉపాధ్యాయపీఠంపై కూర్చోవడం ఆ విద్యాలయపు దృష్టికి చక్కని సంకేతం.

విస్మృతమైన చిరివేరు

పేరు మరచిపోతే మొక్క ఏమవుతుందో తెలియడానికి మచిలీపట్నం చరిత్రలోనే ఒక దృష్టాంతమున్నది. 17వ శతాబ్దిలో ఈ రేవు నుండి అద్దకపు వస్త్రాలు దేశదేశాలకు ఎగుమతి అయ్యేవి. డచ్చివారూ, 1611లో ఇంగ్లీషువారూ ఇక్కడికి రావడానికి ఈ వస్త్రాలు ఒక ప్రధాన కారణం. ఆ వస్త్రాలలోని గాఢమైన ఎరుపు చిరివేరు అనే చిన్నమొక్క వేరు నుండి వచ్చేది. సముద్రతీరపు ఇసుకనేలలో అది పెరిగేది. కృష్ణకు ఆవలి ఒడ్డున, నాటి వర్తకులు పేటపోలి అని పిలిచిన నిజాంపట్నం ప్రాంతపు వేరు ఆ వర్ణానికి ప్రసిద్ధి పొందినది. ఏ నేలలో ఊరిన వేరు ఎంత ఎరుపునిస్తుందో అద్దకం కుటుంబాల పిల్లలు పెద్దల వెంట తిరుగుతూ నేర్చుకొనేవారు.

1868లో జర్మనీ శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్‌మన్ ఎర్రరంగునిచ్చే అలిజరిన్‌ను రసాయనశాలలో తయారు చేశారు. అనతికాలంలోనే కృత్రిమవర్ణం ప్రపంచ విపణిని ఆక్రమించినది. చిరివేరును తవ్వేవారు లేకపోయారు. పెడనలో కలంకారీ అద్దకం నేటికీ జీవించియున్నది. కరక్కాయ కషాయంలో వస్త్రాన్ని ముంచే పద్ధతిని, బెల్లం, ఇనుము ఊరబెట్టి నలుపు తయారు చేసే పద్ధతిని, పటిక వినియోగాన్ని అక్కడ ఇప్పటికీ చూడవచ్చు. కాని తీరపు ఇసుకలో చిరివేరును చూపి, ఇదీ దీని పేరు అని పిల్లవానికి చెప్పగల గృహాలు అరుదు. మొక్కకు ఎవరూ శత్రువులు కాలేదు. దానిని పిలిచేవారు లేకపోయారు, అంతే. పిలుపు ఆగిన తరువాత ఆ మొక్క ఉన్నా పోయినా గమనించేవారు ఉండరు.

జాబితాలో లేని చెట్టు

ఇక మన సంప్రదాయంలోని లోపం వద్దకు వద్దాము. కృష్ణానది సాగరంలో కలిసే హంసలదీవి వద్ద, నాగాయలంక, కోడూరు మండలాల తీరంలో, సొర్లగొంది అడవిలో మడచెట్లు పెరుగుతాయి. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల మొదలైన జాతులు ఉప్పునీటిలో, బురదనేలలో, ఆటుపోట్ల నడుమ నిలబడగల వృక్షాలు. మడచెట్టు వేళ్లు బురద నుండి పైకి పొడుచుకొని వచ్చి గాలి పీలుస్తాయి. ఉప్పును ఆకుల ద్వారా విసర్జించడం వలన ఆకు మీద లవణకణాలు మెరుస్తాయి. ఉప్పుపొన్న గింజ తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవుగా పెరిగి, ఆ పిమ్మట నీటిలోకి జారుతుంది. గర్భస్థ శిశువును మోసే తల్లి వలె ఆ చెట్టు తన సంతానాన్ని మోస్తుంది. చేపపిల్లలకు, రొయ్యలకు, పీతలకు ఈ వేళ్ల మధ్యనే తొలి ఆశ్రయం. బావురుపిల్లి సంచరించేది ఈ అడవిలోనే.

ఇంతటి అద్భుత వృక్షానికి ఏకవింశతి పత్రాలలో స్థానం లేదు. దసరా, కార్తిక, సంక్రాంతి పర్వాలలో ఏ ఒక్కటీ దీనిని పిల్లల ముందుకు తీసుకురాదు. తీరంలోని మత్స్యకార కుటుంబాల బిడ్డలకు వృత్తిరీత్యా మడ తెలుసు. పదిక్రోసుల దూరంలో ఉన్న మాగాణి గ్రామాల బిడ్డలకు మాత్రం అది పేరులేని పొద. వంటచెరకుగా, కలపగా మడ నరకబడినప్పుడు, తరువాతి కాలంలో తీరభూములు రొయ్యలచెరువులుగా మారినప్పుడు, లోపలి గ్రామాలవారికి తాము ఏమి కోల్పోతున్నారో స్ఫురించలేదు. స్ఫురించకపోవడానికి ముఖ్యకారణం నిర్దయ కాదు, అపరిచయం.

ఆ అపరిచయం ఎంత ప్రమాదకరమో ఈ తీరం రెండుసార్లు దారుణంగా తెలియజేసినది. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం పొంగి మచిలీపట్నాన్ని ముంచెత్తినప్పుడు సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో సముద్రజలం దాదాపు 5 మీటర్ల ఎత్తున భూమి మీదికి వచ్చినది. సుమారు 10,000 మంది అసువులు బాశారు. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. చెట్టును కౌగిలించుకొని తెల్లవారే వరకు ప్రాణాలు నిలుపుకున్నవారి కథనాలు దివిసీమ గృహాలలో నేటికీ వినిపిస్తాయి. పంచాంగరీత్యా చూస్తే ఈ రెండు తిథులూ కార్తిక శుక్లపక్షంలోనివే. వృక్షచ్ఛాయలో భుజించి వనాన్ని పూజించే మాసంలోనే వనరక్షణ లేని తీరం రెండుమార్లు శ్మశానమైనది.

మడ అడవి ఉండి ఉంటే ఈ మరణాలేవీ సంభవించేవి కావని చెప్పడం అతిశయోక్తి. ఐదు మీటర్ల ఉప్పెనను సంపూర్ణంగా ఆపగల అడవి లేదు. కాని దట్టమైన మడవనం అలల వేగాన్ని, నీటి ఉద్ధృతిని తగ్గిస్తుందన్నది శాస్త్రసమ్మతమైన విషయం. 1977 అనంతరం తీరం వెంబడి సరుగుడు తోటలు విస్తారంగా నాటడానికి కూడా గాలివేగాన్ని, అలల తాకిడిని వృక్షపంక్తి తగ్గించగలదన్న ఈ అవగాహనయే కారణం.

తిల్లవనం చెప్పే సమాధానం

మడవృక్షానికి పూజార్హత లేదని సంప్రదాయం నిర్ణయించినదా? లేదు. చిదంబర క్షేత్రాన్ని స్మరించండి. నటరాజస్వామి ఆనందతాండవం చేసిన ఆ స్థలానికి తిల్లవనమని పేరు. అక్కడి స్థలవృక్షం తిల్ల. పతంజలి, వ్యాఘ్రపాదులు తపస్సు చేసినది ఆ వనంలోనే. తుమ్మెద తాకని పూలను తెల్లవారకముందే స్వామికై కోయడానికి, చెట్లెక్కేందుకు అనువుగా పులి పాదాలను వరంగా పొందిన ఋషి వ్యాఘ్రపాదుడు. ఆ తిల్ల మడజాతి వృక్షమే. దివిసీమ బురదనేలలో పెరిగే తిల్లయూ అదే జాతి. చిదంబర సమీపంలోని పిచ్చావరం మడవనంలో ఆ వృక్షం నేటికీ ఉన్నది.

అంటే ఒక తీరపు భక్తులు తమ ఎదుట ఉన్న మడచెట్టును దైవసన్నిధికి చేర్చుకున్నారు. మన తీరంలో మనం ఆ పని చేయలేదు. వ్రతకల్పం లోపం కాదిది. వ్రతకల్పం దేశమంతటికీ ఉద్దేశించినది. స్థలవృక్షాన్ని గుర్తించి దానికి చేర్చవలసిన బాధ్యత స్థలవాసులది.

ఇందులో మరొక సంబంధం కూడా ఉన్నది. క్షీణించిన మడవనాలలో నీరు నిలిచి లవణం పెరిగి కొత్తమొక్క బతకకపోవడాన్ని గమనించిన స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఆటుపోట్ల నీటిని లోపలికి పారించే పద్ధతిని 1990వ దశకంలో పిచ్చావరంలో అమలు చేశారు. ఆ దశకం ద్వితీయార్ధం నుండి అటవీశాఖతోను, తీరగ్రామస్థులతోను కలిసి కృష్ణా, గోదావరి డెల్టాలలో కూడా ఆ విధంగా మడను పునరుద్ధరించారు. నటరాజస్వామి వనపరిసరాలలో సిద్ధించిన పద్ధతి కృష్ణాసాగర సంగమానికి చేరిందన్నమాట. అంతకుముందే, 1989లో, సుమారు 194 చదరపు కిలోమీటర్ల మడప్రాంతం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటింపబడినది.

చట్టపక్షాన కూడా ప్రయత్నాలు జరిగాయి. 1976లో 42వ సవరణ ద్వారా, అడవులనూ జలాశయాలనూ కాపాడడం, ప్రాణుల యెడ కరుణ చూపడం పౌరుని ప్రాథమిక కర్తవ్యంగా రాజ్యాంగంలో చేరినది. 1991లో సర్వోన్నత న్యాయస్థానం పర్యావరణ విద్యను పాఠశాలలలో తప్పనిసరి చేయాలని ఆదేశించినది. 2003లో దానికి పాఠ్యప్రణాళికను సిద్ధం చేయాలని ఆదేశించినది. జాతీయ హరితదళం పేరిట పాఠశాలల్లో విద్యార్థి బృందాలు ఏర్పడ్డాయి. ఇవన్నీ ఆహ్వానించదగినవి. అయితే పాఠ్యగ్రంథంలో చదివిన జీవవైవిధ్యం గుడివాడ బాలునికి అమెజాన్ అడవిని పరిచయం చేసి, ముప్పై నలభై మైళ్ల దూరంలోని మడను పరిచయం చేయకపోతే, చిరివేరు కథయే పునరావృతమవుతుంది.

గృహస్థుల కర్తవ్యం

కనుక మనం చేయవలసినది ఏమి? ముందుగా పత్రిని తిరిగి విద్యగా మార్చుకోవాలి. ఇరవై ఒక్కటీ ఒకే సంవత్సరంలో సేకరించి తీరాలన్న పట్టుదల అవసరం లేదు. దొరకనివాటికి అక్షతలు సమర్పించే వెసులుబాటు పెద్దలే కల్పించారు. బిడ్డ స్వయంగా గుర్తించి కోసిన ఐదు ఆకులు, పేరు తెలియని కట్ట కంటె స్వామికి ప్రీతికరమైనవి అని నా విశ్వాసం. ఏటా ఐదు చొప్పున నేర్పినా ఐదవ ఏటికి జాబితా పూర్తవుతుంది. పట్టణాల అవసరానికై బండ్లకొద్దీ కొమ్మలు నరికి తెచ్చే విధానానికి మన ధనం పోషకం కాకుండా ఉంటుంది.

రెండవది, పోలికలను జాగ్రత్తగా నేర్పాలి. జమ్మికీ సర్కారుతుమ్మకూ భేదం చూపాలి. రెండూ దగ్గరి బంధువులే అయినా మొదటిది మన నేలకు చెందినది. రెండవది విదేశాల నుండి వచ్చి బీళ్లను ఆక్రమించినది. వయ్యారిభామ ఎక్కడి నుండి వచ్చినదో, కాలువలను కమ్మే గుర్రపుడెక్క నీటిలోని ప్రాణులకు ఎట్లా హాని చేస్తుందో చెప్పాలి. పచ్చగా ఉన్న ప్రతిదీ మేలు చేయదన్న వివేకం కూడా వృక్షవిద్యలో భాగమే.

మూడవది, అతి ముఖ్యమైనది. ఇరవై ఒక్క పత్రాల పూజ ముగిసిన పిమ్మట పిల్లలకు ఇరవై రెండవ చెట్టు కథ చెప్పాలి. దాని ఆకును కోయనవసరం లేదు, కోయరాదు కూడా. తిల్ల పాలు కంటికి తీవ్రమైన హాని కలిగిస్తాయి. అభయారణ్యంలో చెట్టును తాకి గాయపరచడం తగదు. ఈ ఒక్క పత్రాన్ని కోయకుండానే సమర్పించాలి. మాఘపూర్ణిమకు హంసలదీవి సాగరసంగమ స్నానానికి వెళ్లే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. స్నానం, వేణుగోపాలస్వామి దర్శనం ముగిశాక, పిల్లలను వెంటబెట్టుకొని ఒడ్డున నిలిచి మడను చూపండి. బురదలో నుండి పైకి వచ్చిన ఆ వేళ్లను లెక్కపెట్టమనండి. ఉప్పుపొన్న మొలక తల్లిని ఎట్లా అంటిపెట్టుకొని ఉన్నదో వెదకమనండి. 1977లో ఆ ఊళ్లలో ఏమి జరిగినదో, వయస్సుకు తగినట్లుగా, భయపెట్టకుండా, దాచకుండా చెప్పండి. ఉద్దాలకుడు శ్వేతకేతువును అడిగినట్లే, ఏమి కనిపిస్తున్నదని అడగండి. సమాధానం కోసం తొందరపడకండి.

వేదాంతం నామరూపాలను దాటమంటుంది గదా, నామరూపాలను ఇంతగా నేర్పడమెందుకని సాధకులు కొందరు అడగవచ్చు. దాటవలసినవాడు ముందు ఒడ్డును చూసి ఉండాలి. మర్రిపండును చేత పట్టని శ్వేతకేతువుకు అణిమ బోధపడేది కాదు. నామం తెలిసిన చెట్టుపై మమత పుడుతుంది. ఆ మమత విస్తరించి సమస్త ప్రాణులయందు ఏకత్వదర్శనంగా పరిణమించడమే సాధన. పేరే తెలియని చెట్టుపై పుట్టే ఉదాసీనతను వైరాగ్యమని భ్రమించరాదు. 1864, 1977 సంవత్సరాల కార్తికాలు మనకు ఆ భేదాన్ని గుర్తుచేస్తూనే ఉన్నాయి.

రాబోయే భాద్రపదానికి మన ఇంటి బిడ్డ చేతికి బుట్ట ఇద్దాము. డొంకలో ఉత్తరేణి ఇంకా ఉన్నది. కాలువగట్టున వావిలి ఇంకా ఉన్నది. దివిసీమ అంచున మడ మళ్లీ చిగురిస్తున్నది. వాటిని పేరుపెట్టి పిలవగలవారిని తయారు చేయడమే ఇప్పుడు మిగిలిన పని.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.